వరుసలో రాయి

ఆదివారం ఆదివారం నేను మా జేజి బిందెను చింతపండు పిప్పితో తోముతాను. తడి ఇత్తడి మీద పులుపు పడగానే లేచే ఆ వాసన, పులివెందులలో మూడో అంతస్తులో ఉన్న మా వంటింటి నుంచి నన్ను నేరుగా ప్రొద్దుటూరు మగ్గాల వీధికి తీసుకుపోయి కొళాయి దగ్గర నిలబెడుతుంది. బిందె పొట్ట మీద అరచెయ్యంత సొట్ట ఉంది. అంగట్లో ఇస్తే నిమిషంలో సరిచేస్తారని మా ఆయన పెళ్లయిన దగ్గర నుంచీ చెబుతూనే ఉన్నాడు. నేను ఇవ్వను. వాళ్ల వాళ్ల ఇళ్లలో బంగారం దాచుకుంటారు, మా ఇంట్లో సొట్ట దాచుకున్నాం, తప్పేముంది?

మా నాయనను కన్నతల్లిని మేము జేజి అంటాం. ఆమె పేరు ఓబుళమ్మ. ఎర్రజెండా పార్టీ మనిషి, ప్రొద్దుటూరు మున్సిపాలిటీకి చైర్మన్‌గా చేసింది. పెద్ద నగరాలకు మేయర్ ఉంటారు, మా ఊరికి చైర్మన్. ఆడమనిషి ఆ కుర్చీలో కూర్చునేసరికి ఏమని పిలవాలో తెలియక జనం చైర్మనమ్మ అన్నారు. జమ్మలమడుగు పక్కన పల్లెలో పుట్టి, చిన్న వయసులోనే పెళ్లయి వచ్చి, మా అబ్బ, అంటే తాత, మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే పక్కన చేరి కండెలు చుట్టిన మనిషి ఆమె. నూలు ధర పెరిగి మగ్గాలన్నీ ఆగిపోయిన కాలంలో వీధినంతా వెంటబెట్టుకుని పోయి సర్కారు ఆఫీసు ముందు బైఠాయించిందనీ, మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెడితే తోటి కార్యకర్త ఒకామె దగ్గర తన పేరు రాయడం నేర్చుకుని బయటికొచ్చిందనీ మా అమ్మ చెప్పేది. అక్కడ నేర్చిన సంతకంతోనే రెండుసార్లు కౌన్సిలర్‌గా గెలిచింది, మూడోసారి చైర్మన్ అయింది. మొదటి రోజు ఆఫీసులో ఆమె పక్కనే మా నాయనకూ ఒక కుర్చీ వేశారట, ఆడమనిషి గెలిస్తే మగవాళ్లు పని చూసుకోవడం మామూలే కదా అని. జేజి ఆ కుర్చీ వంక చూసి, "అర్జీలు తెచ్చినోళ్లకా అప్పా ఇది? అయితే బల్లకు ఆ పక్క వెయ్యి" అన్నదట. మా నాయన ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు.

మా వీధి పొద్దు పొడవకముందే లేచేది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పడుగులు సాగదీసి గంజి పెట్టేవాళ్లు, ఆ పుల్లటి గంజి వాసనలో, ఇళ్లలోంచి ఒకటొకటిగా మొదలయ్యే మగ్గాల చప్పుడులో, పడుగు కింద నుంచి వంగి దూరుతూ మేము దాగుడుమూతలు ఆడేవాళ్లం, దారం తెగితే వీపు పగిలేది. ఉగాదికి మా అమ్మ చేసే ఓళిగలు, అంటే బొబ్బట్లు, నెయ్యి కారుతూ ఎదురింటి ఖాదర్‌బీ అత్త ఇంటికి పోయేవి, రంజాన్‌కు అదే గిన్నెలో ఆమె చేసిన సేమ్యా మా ఇంటికి వచ్చేది, దసరా పది రోజులూ ఊరంతా దీపాలు కట్టినప్పుడు మమ్మల్నందరినీ తోలుకుని పోయేది కూడా ఆమే. జేజి మాత్రం చైర్మన్ అయ్యాక కూడా పొద్దున్నే మున్సిపాలిటీ పాకీ పనివాళ్లతో కలిసి నాలుగు వీధులు నడిచి, ఎనిమిదింటికి ఇల్లు చేరి, రాగి సంగటిలో చెనక్కాయల ఊరుబిండి పచ్చడి అద్దుకుని తిని, అదే చీరతో ఆఫీసుకు పోయేది. ఆమె దగ్గర ఎప్పుడూ బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చేది, బడిలో పిల్లలు ఏడిపిస్తే నాకు సిగ్గయ్యేది. ఇప్పుడు ఆ సిగ్గు తలుచుకుంటే సిగ్గవుతుంది.

ఊరిని చుట్టి పెన్న ఉందన్న పేరే గానీ నీళ్లకు మాత్రం కటకటే. మా వీధికంతా ఒకటే కొళాయి. పొద్దున ఆరింటికి వచ్చి, ఏడు కాకముందే గురగురమని ఆగిపోయేది. అందుకని ముందురోజు సాయంత్రమే బిందెలు వరుసగా పెట్టేవాళ్లు. పనికి పోయే ఆడవాళ్లకు బిందెను కాపలా లేకుండా వదిలిపెట్టే వీలుండదు కాబట్టి, బిందెకు బదులు ఒక రాయి పెట్టి పోయేవాళ్లు. ఎవరి రాయి వాళ్లది, గుర్తు కూడా ఎవరిది వాళ్లదే. జిన్నింగ్ మిల్లులో పనిచేసే ఖాదర్‌బీ అత్తది నల్లటి బండ ముక్క, ఒక మూల ఆకుపచ్చ రంగు పూసి ఉండేది. రాత్రి షిఫ్టు దిగి ఆమె వచ్చేదాకా ఆ రాయే ఆమె. దాన్ని దాటి ఎవరూ ముందుకు పోయేవాళ్లు కారు. చైర్మనమ్మ ఇంటి బిందె అని జనం మా బిందెను ముందుకు జరిపితే, జేజి దాన్ని మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టించేది. ఆమె చైర్మన్‌గా ఉన్న కాలమంతా మా వీధికి రెండో కొళాయి వేయించలేదు, కొళాయే లేని వీధులు అయ్యాకే మనది అనేది, మా అమ్మ ఆ మాటకు లోపల లోపల ఉడికిపోయేది.

వానలు పడక మైలవరం డ్యాం అడుగంటిన ఏడు, రంజాన్ నెలలో, మా బడివాళ్లు గండికోటకు బస్సు వేశారు. నాకప్పుడు పదకొండేళ్లు. తమ్ముడు పుట్టి ఇరవై రోజులు, అమ్మ బయటికి రాకూడదు, నీళ్లు తెచ్చిపెట్టి పొమ్మంది. బస్సు ఏడింటికి. మా బిందె వరుసలో తొమ్మిదోది. రెండో చోట ఆ ఆకుపచ్చ గుర్తు రాయి ఉంది. నేను అటూ ఇటూ చూసి, రాయిని కాలితో కాలవలోకి నెట్టి, మా బిందె అక్కడ పెట్టాను. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా చూశారు. చైర్మనమ్మ మనవరాలిని ఎవరేమంటారు? ఆ ధైర్యంతోనే నేను పెట్టానని నాకు ఇప్పటికీ బాగా తెలుసు.

గండికోటలో లోయ అంచున నిలబడి కేకలు పెట్టి, కట్టిచ్చిన చిత్రాన్నం తిని, సాయంత్రం ఎగురుకుంటూ ఇల్లు చేరాను. జేజి గడపలో కూర్చుని ఉంది. ముందర నేను పొద్దున తెచ్చిన బిందె, మూత కూడా తీయకుండా. పక్కన ఆ నల్ల రాయి, కాలవ బురద కడిగి పెట్టి ఉంది.

"ఇదేంది పాపా?" అంది.

"రాయి" అన్నాను.

"రాయి గాదు. మనిషి. ఖాదర్‌బీ. పొద్దున్నుంచి ఒక్కపొద్దుండాది, ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. ఎత్తు బిందె."

నా నడుముకు మించిన బరువది. వీధంతా చూస్తుండగా మోశాను. ఉపవాసం విడిచే వేళకు ఖాదర్‌బీ అత్త గుమ్మంలో దించాను. ఆమె నా తల నిమిరి, "సిన్నపిల్ల గదక్కా, ఇడిసిపెట్టు" అంది. "సిన్నప్పుడు మోస్తేనే పెద్దయినాక గుర్తుంటాది" అంది జేజి.

అంతటితో ఊరుకోలేదు. గంటన్నర రావలసిన నీళ్లు ముక్కాలు గంటకే ఎందుకు ఆగిపోతున్నాయని ఫిట్టరును వెంటబెట్టుకుని మూడు రోజులు పైపులైను పొడవునా తిరిగింది. మా వీధి మొదట్లో ఒక కల్యాణమండపం ఉండేది, దాని గోడ కింద నుంచి దొంగ పైపు ఒకటి లోపలికి పోతోందని తేలింది. ఆ మండపం ఆసామిని మేము గడియారం మామ అనేవాళ్లం, చేతికి అంత పెద్ద బంగారు గడియారం ఉండేది. ఆయన చెప్పుచేతల్లో ఉన్న కౌన్సిలర్లు చేతులెత్తబట్టే జేజి చైర్మన్ అయింది. ఆ సాయంత్రమే తన తోటలోని చీనీకాయలు గంపెడు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, కుర్చీ నీది. ఆ పైపు జోలికి రావాకు. అంతే నేనడిగేది" అన్నాడు నవ్వుతూ.

జేజి ఒక కాయ వలిచి ఆయన చేతిలోనే పెట్టింది. "తినప్పా. పొద్దున తవ్వుతాండాము. నువ్వూ రా" అంది. గంప ఆయన వెంటే తిరిగిపోయింది, మేము దాని వెనకాలే చూస్తూ ఉండిపోయాం.

పొద్దున కొళాయి ఆగిపోగానే ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతోనే మండపం దగ్గరికి నడిచారు. మా బిందె నా చంకలో ఉంది. గడ్డపార దిగుతుండగా గడియారం మామ నలుగురు మనుషులతో వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"నీ మనమరాలు ఖాదర్‌బీ రాయిని తన్నేసి నీళ్లు పట్టుకపోలేదా? ఊరంతా సెప్పుకుంటాండారు. ముందు నీ ఇల్లు సరిజేసుకో పో."

ఎవరి వెనకన్నా దాక్కుందామనుకున్నాను. జేజి నా రెక్క పట్టుకుని ముందుకు లాగి అందరి ఎదుటా నిలబెట్టింది.

"అవునప్పా. మా పాప తప్పు చేసింది. ఎత్తుకపోయిన నీళ్లు ఆ ఇంటికే తిరిగి మోసింది. అదో, ఖాదర్‌బీ ఆడుండాది, అడుగు. నువ్వెప్పుడు మోస్తావో సెప్పు."

ఆయన మనిషి ఒకడు కోపం పట్టలేక నా చేతిలోని బిందెను కాలితో తన్నాడు. అది ఎగిరి బండ మీద పడింది. ఆ సొట్టే ఇది. ఆ చప్పుడుకు ఆడవాళ్లు కదిలి, బిందెలు గుంత చుట్టూ వరుసగా పెట్టేసి వాటి వెనక నిలబడ్డారు. "తవ్వు" అంది జేజి. పైపు కోసి, మూతి బిగించి, మట్టి కప్పేదాకా ఒక్కరూ జరగలేదు. మర్నాడు కొళాయి ఏడున్నర దాకా పారింది, చివరి బిందె కూడా నిండింది.

నెల తిరక్కముందే కౌన్సిలర్లను బస్సెక్కించి ఎక్కడో హోటల్లో పెట్టి తీసుకొచ్చారు. అవిశ్వాసం పెట్టారు. చేతులు లేచాయి, కుర్చీ పోయింది. జేజి టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె చేతిసంచిలో వేసుకుని నడుచుకుంటూ ఇల్లు చేరింది. నేను ఆమె చీర పట్టుకుని ఏడ్చాను. నా వల్లే పోయింది కదా అన్నాను.

"నీ వల్ల కాదు పాపా, నీళ్ల వల్ల పోయింది. ఆ నీళ్లు సూస్తివే, యాడిదాకా పారినాయో? పోనీలే కుర్చీ" అంది.

పొద్దున మా బిందెతో తనే వెళ్లి వరుస చివర పెట్టింది. ఆడవాళ్లు పోటీపడి దాన్ని ముందుకు జరిపారు. ఆమె కసురుకుని వెనక్కి తెచ్చుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికింది, ఒకసారి కౌన్సిలర్‌గా గెలిచింది, రెండుసార్లు ఓడింది, పులివెందుల దాకా వచ్చి బస్టాండు ముందు మీటింగుల్లో మాట్లాడింది, ఒక్కసారి కూడా తగ్గలేదు. ఆమె పోయిన రోజు తెల్లారే బిందెలు పెట్టిన ఆడవాళ్లంతా పాడె వెంట నడిచారు. తిరిగి వచ్చేసరికి వరుసలో బిందెలూ రాళ్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఇప్పుడు ఆ కొళాయి లేదు, దాని గద్దె మీద సెల్‌ఫోన్ రీచార్జి బంకు ఉంది. మగ్గాలు పోయాయి, గంజి వాసన పోయింది, ఆ మండపం మాత్రం రంగులేసుకుని బాగానే ఉంది. తాగే నీళ్లు క్యాన్లలో వస్తాయి. రాయి పెట్టడమంటే ఏమిటో మా అమ్మాయికి తెలియదు.

మా అపార్ట్‌మెంటులో బోరు ఎండిపోయి నెలయింది. ఆదివారం ట్యాంకరు వస్తుంది. ముందు అసోసియేషన్ ప్రెసిడెంటు గారి డ్రమ్ములు, తర్వాత మిగతావాళ్లవి, మిగిలితే వాచ్‌మన్ భార్య లక్ష్మక్కకు. పోయిన వారం మిగల్లేదు. ఆ వేళకు ఆమె నాలుగిళ్లలో అంట్లు తోముతూ ఉంటుంది, వచ్చి నిలబడలేదు.

ఈ ఆదివారం తోమిన బిందె పట్టుకుని దిగాను. గేటు పక్కన పడి ఉన్న నల్లబండ ముక్క ఒకటి ఏరి, ప్రెసిడెంటు గారి డ్రమ్ముకు ముందు పెట్టాను. మా బిందె తీసుకుపోయి చివర పెట్టుకున్నాను. ప్రెసిడెంటు గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి చూశారు.

"ఏంది మేడం, ఈ రాయేంది?" అని కాలు చాపారు జరపడానికి.

"కాలు తీయండి సార్" అన్నాను. "అది లక్ష్మక్క."