నెమలిలా అరిచిన గేరు సైకిలు

2023, మాసి నెల, అంటే ఫిబ్రవరి ఆఖరు. తమిళనాడు రాజపాళయంలో తెన్కాశి రోడ్డు మీద నాకు సైకిళ్ల అంగడి ఉంది. మా నాన్న బాడుగ సైకిళ్లతో మొదలుపెట్టిన అంగడి అది. ఇప్పుడు ముందు వరసంతా లావు టైర్ల మౌంటెన్ బైకులే. పేరుకు కొండ సైకిళ్లు గాని, వాటిని కొనేవాళ్లలో కొండ ఎక్కేవాళ్లు దాదాపు లేరు. ట్యూషన్‌కు పోయే పిల్లలు, పొట్ట తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు, పక్కింట్లో ఉంది కాబట్టి మనింట్లోనూ ఉండాలనుకునేవాళ్లు కొంటారు. కొండలేమో ఊరికి పడమట ఎప్పటిలాగే నిలబడి ఉంటాయి. ఇన్నేళ్ల వ్యాపారంలో నిజంగా కొండదారి కోసమే గేరు సైకిలు అడిగిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడ సైకిలు నాకు పెట్టిన తిప్పలు, ఇచ్చిన సంతోషం రెండూ మరిచిపోలేను.

ఆవిడ పేరు ఆర్. రెంగమ్మాళ్. ఊరు మంసాపురం, వయసు నలభై దాటి ఉంటుంది. ఎండవేళ అంగట్లోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా ఒక్కొక్క టైరునూ బొటనవేలితో నొక్కి చూసింది. పుచ్చకాయ బేరం కాదమ్మా అందామనుకున్నాను గాని, ముఖం చూసి ఊరుకున్నాను. సంగతి అడిగితే చెప్పింది. వాళ్లకు కొండ అంచున చిన్న మామిడి తోపు ఉంది. సరిగ్గా పిందె పడే సమయానికి భర్త రామసామి మోపెడ్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలిలో ప్లేటు వేశారు, కాపు అయ్యేదాకా మంచం దిగే మాట లేదు. తోపుకు రోజూ మనిషి పోవాలి. నీళ్లు పెట్టాలి, కాయ ముదిరేకొద్దీ కోతుల్నీ గబ్బిలాల్నీ వాటికంటే తెలివైన రెండు కాళ్ల జీవాల్నీ కాచుకోవాలి.

పక్క తోపు రామసామి తమ్ముడు గురుసామిది. ఈ కాపు నేను చూసుకుంటాను, నాకు వదిలేయండి అన్నాడట. చెడ్డవాడేమీ కాదు. కానీ మా వైపు ఒక్క కాపు చేతులు మారిందంటే తోపే చేతులు మారినట్టు. నీళ్లు పెట్టినవాడే ఆ తర్వాత కంచె వేస్తాడు. ఆ సంగతి రెంగమ్మాళ్‌కు బాగా తెలుసు. మోటారు బండి ఎక్కాలంటే ఆవిడకు భయం. చిన్నప్పుడు బడికి సైకిలు తొక్కింది. ఇంట్లో ఉన్న మామూలు సైకిలు తీసుకుని తోపుకు బయలుదేరితే సగం దారి దిగి తోయాల్సివస్తోంది. రోజుకు రెండుసార్లు అలా తోసి పైకి పోయి పని చేయడం ఎవరి తరం?

"ఎన్ని గేర్లు ఉంటే నాకేమి అణ్ణాచ్చీ. దిగి తోయకుండా పైకి పోవల్ల. అంతే దా" అని అరవం కలిసిన మా వైపు తెలుగులో అన్నది.

అన్నది గాని, కన్ను మాత్రం ఇరవైయొక్క గేర్ల మోడలు మీద పడింది. తప్పు ఆవిడది కాదు. ఆ నెలలో కంపెనీవాళ్లు ఆ మోడలుకు ఆఫరు పెట్టారు. కొంటే హెల్మెట్, లైటు, తాళం, నీళ్ల సీసా ఉచితం. ఆఫర్లంటే నాకు ఒళ్లు మంట. ఉచితంగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అన్నారా? నీళ్ల సీసా కోసం తన ఎత్తుకు సరిపోని సైకిలు కొనుక్కుని, నెల తిరక్కముందే నడుం నొప్పితో నా దగ్గరికే వచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో.

ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఇరవైయొక్క గేర్లంటే ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. లెక్కకు గొప్పగా ఉంటుంది గాని అందులో చాలావరకు ఒకదానికొకటి నకలే. ముందు గేరు మార్చే భాగం ఎర్రమట్టి పట్టి బిగుసుకుపోతే నడి ఎక్కుడులో చెయిన్ జారుతుంది. ఇక సస్పెన్షన్, అంటే ముందూ మధ్యా పెట్టే స్ప్రింగులు. ఖరీదైన వాటిలో అవి మంచివే. చవక సైకిల్లో ఊయలలాగా ఊగి, మన కాలి బలాన్ని సగం అవే తినేస్తాయి. ఆవిడకు కావలసింది స్ప్రింగు లేని సైకిలు. ముందు ఒకే చిన్న చక్రం, వెనక ఎనిమిది, అందులో పెద్దది టిఫిను ప్లేటంత. ముందు చిన్నది, వెనక పెద్దది పడితే బరువు తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. తగ్గనీ, కొండ మీద ఆవిడను తరిమేవాళ్లు ఎవరున్నారు? దిగేటప్పుడు పట్టు కోసం డిస్క్ బ్రేకు. చక్రం నడుమ ఇనప పళ్లెం ఒకటి తిరుగుతుంటుంది, బ్రేకు నొక్కితే ప్యాడ్ అనే రెండు బిళ్లలు దాన్ని రెండు వైపులా పట్టేస్తాయి.

అంతా శ్రద్ధగా విన్నది. చివరికి, ఇదే తీసుకుంటాను గాని హెల్మెట్ ఇస్తేనే అన్నది. ఆఫరు ఈ మోడలుకు లేదమ్మా అంటే, ఆఫరు కంపెనీది, అంగడి మీది కదా అని ఎదురడిగింది. హెల్మెట్ ఇచ్చాను. బిల్లులో పేరు రాసేటప్పుడు ఇనీషియల్ అడిగితే, "ఆర్. రామసామి ఆర్" అని మొగుడి పేరు మొదటి అక్షరాన్ని గట్టిగా చెప్పింది.

కొద్దిరోజులకు వచ్చి, అంగడి గుమ్మంలోనే చెప్పింది, తోపు దారిలో వంక దగ్గరి ఎక్కుడు ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కేశానని. పైన నిలబడి తిరిగి చూస్తే ఊరు మొత్తం కనిపించిందట. అప్పటిదాకా అదే దారిలో తల వంచుకుని తోసుకుంటూ పోయిన మనిషి కదా, వెనక్కి చూడటం అదే మొదలు. అమ్మిన సైకిలు సరైన కాళ్ల కిందికి చేరిందంటే అంగడివాడికి అంతకంటే ఏం కావాలి. ఆరోజు నా భోజనం కూడా రుచిగా ఉంది.

తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. బ్రేకు పట్టడం లేదు, పైగా అరుస్తోందని సైకిలు తెచ్చింది. చూద్దామని రోడ్డు మీద తొక్కి బ్రేకు నొక్కాను. నెమలి అరిచినట్టు అరిచింది. ఎదురు టీ కొట్టులో వాళ్లంతా తలెత్తి చూశారు. సైకిలు మాత్రం ఆగాలా వద్దా అని ఆలోచిస్తూ ముందుకు పోయింది. కొండదారి దుమ్ము అనుకుని డిస్క్‌ను స్పిరిట్‌తో తుడిచి, ప్యాడ్లు మార్చి పంపాను. పది రోజులైనా కాలేదు, మళ్లీ అదే అరుపు. ఈసారి ప్యాడ్ల నాణ్యత మీద అనుమానం వచ్చి, సరుకు పంపినవాడితో ఫోనులో గొంతు పోయేదాకా పోట్లాడాను. వేరే రకం ప్యాడ్లు వేశాను. ఒక్క సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచేది. వచ్చిన ప్రతిసారీ ఆ సైకిలు అంగట్లోని కొత్త సైకిళ్లకంటే మెరుస్తూ ఉండేది. మట్టిదారిలో తిరిగే సైకిలును ఇంత శుభ్రంగా పెట్టుకున్న మనిషిని నేను చూడలేదని మెచ్చుకున్నాను కూడా.

మూడోసారి సైకిలు లోడ్ ఆటోలో వచ్చింది. వంక దగ్గరి దిగుడులో బ్రేకు అసలు పట్టలేదు. రెంగమ్మాళ్ తెలివిగా పక్కనున్న ఇసుక కుప్పలోకి తిప్పింది కాబట్టి మోచెయ్యి గీసుకోవడంతో పోయింది. వెనకే మోటారు సైకిలు మీద గురుసామి వచ్చాడు.

"మదినీ, ఇంక చాలు. ఇప్పుడు చెయ్యి గీసుకునింది. రేపు తల పగిలితే అన్నకు నేనేమని చెప్పేది? సోమవారం నుంచి నా కూలి ఆళ్లు పైకి పోతారు" అన్నాడు వదినతో.

న్యాయమైన మాటే. అందుకే నాకు మరీ కష్టమనిపించింది. అతను వెళ్లాక రెంగమ్మాళ్ సైకిలు మీద చెయ్యి వేసి నా వైపు తిరిగింది.

"నేను భయపడలేదు అణ్ణాచ్చీ. వండి దా నిలవలేదు. దాన్ని నిలబెట్టి ఇయ్యండి. మిగిలింది నేను చూసుకుంటాను."

సైకిలును పూర్తిగా విప్పాను. కేబులు మంచిది, లివరు మంచిది, చక్రం వంకర లేదు. డిస్క్ మీద కాస్త ఎర్రటి మరక ఉంది, ఎర్రమన్ను అనుకున్నాను. ప్యాడ్లు జిడ్డు పీల్చుకుని నల్లగా గాజులా ఉన్నాయి. చెయిన్ మీది నూనె అక్కడిదాకా చిందదు. మరి జిడ్డు ఎక్కడిది? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. తిక్క రేగింది. అన్నీ కొత్తవి వేసి, శుక్రవారం సాయంత్రం సైకిలును నేనే మంసాపురం తీసుకుపోయాను. వాళ్ల దిగుడు మీదే తొక్కి చూద్దామని.

వంక దాకా ఎక్కాను. నిజం చెప్పాలంటే సగంలో దిగి తోశాను. రెంగమ్మాళ్ మీద గౌరవం ఇంకా పెరిగింది. దిగేటప్పుడు బ్రేకు ఎక్కడ నొక్కితే అక్కడ నిలబడింది, చడీచప్పుడు లేదు. గెలిచిన పహిల్వానులా వాళ్ల ఇంటికి వచ్చాను. వసారాలో మంచం మీద కాలు చాపుకుని రామసామి ఉన్నాడు. సైకిలును అతని పక్కనే నిలబెట్టి, కాళ్లు కడుక్కుని, రెంగమ్మాళ్ ఇచ్చిన కాఫీ అందుకుని గడప మీద కూర్చున్నాను. అక్కడినుంచి వసారా కనిపిస్తోంది.

రామసామి మంచం మీంచే ఒరిగి పని మొదలుపెట్టాడు. ముందు తడిబట్టతో సైకిలంతా తుడిచాడు. తర్వాత మంచం కింది నుంచి టెంకాయ నూనె గిన్నె తీసి, గుడ్డపేలిక ముంచి, ఇనుము కనిపించిన ప్రతిచోటా రాశాడు. హ్యాండిలు, పెడలు, చక్రపు కమ్ములు. ఆపైన డిస్క్, లోపలా బయటా, చంటిపిల్లకు ఒళ్లు పట్టినంత నిదానంగా. అది చాలదన్నట్టు గంధం గిన్నె తీసి, హ్యాండిలుకు ఒక బొట్టు పెట్టి, గుండ్రంగా తళతళలాడే ఆ డిస్క్‌కు మూడు బొట్లు పెట్టి, వాటి మీద కుంకుమ అద్దాడు. నా కాఫీ చొక్కా మీద పడింది.

మా ఇళ్లలో శుక్రవారం గడ్డపారకూ, పంపుసెట్టుకూ, కుట్టుమిషనుకూ నూనె తుడిచి బొట్టు పెట్టడం అన్నం తిన్నంత మామూలు. మా ఇంట్లోనూ పెడతారు. అందుకే రెంగమ్మాళ్ నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు. తలుపు తెరిచే ఉంచి దొంగ కోసం తాళాలు మార్చుకుంటున్నాను ఇన్ని రోజులూ.

కేకలేయడానికే లేచాను. రామసామి నన్ను చూసి నవ్వి, రెంగమ్మాళ్ వైపు చూపించి, దాపరికం లేకుండా అన్నాడు.

"దినమూ అది తోపుకు పోయి వస్తాది. నేను సుమ్మ ఊరికే మంచంలో ఉండాను. దానికని నా చేత అయ్యేది ఇది ఒకటి దా."

అతని చేతిలో ఆ పేలిక తప్ప ఆ సంసారంలో వేరే పని లేదు. దాన్ని లాక్కుంటే మనిషికి ఏం మిగులుతుంది? పక్కన కూర్చుని అడిగాను.

"రామసామీ, టెంకాయ చెట్టు ఎక్కేవాని కాలి తాడుకు నూనె రాస్తారా?"

రైతుకు అంతకంటే చెప్పక్కర్లేదు. అతను డిస్క్ వైపు చూశాడు, తన చేతి వైపు చూశాడు, రెంగమ్మాళ్ మోచేతి కట్టు వైపు చూశాడు. పేలిక కింద పడింది.

"నేనే దా దాన్ని పడేసినానా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెంగమ్మాళ్ గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేకపోయింది. "పడేసేంత కోపం నా మీద ఏమి ఉండాదో అడగండి అణ్ణాచ్చీ" అన్నది. అతనూ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు, చొక్కా మీద కాఫీతో సహా.

ఆ సాయంత్రం డిస్క్ మళ్లీ జిడ్డు పోయేదాకా తుడిచి, అతనికి పాఠం చెప్పాను. నూనె చెయిన్‌కు మాత్రమే, అదీ చుక్క చుక్కగా వేసి పైది తుడిచేయాలి. డిస్క్ మడి కట్టుకుంది, చెయ్యి కూడా తగలకూడదు. బొట్టు హ్యాండిలు కింది గొట్టానికి. ప్యాడ్ ఎప్పుడు అరిగిందో, కేబులు ఎంత బిగించాలో, గేరు పక్కకు దూకితే ఏ మర ఎటు తిప్పాలో చూపించాను. చదువుకునే పిల్లవాడికంటే ఆత్రంగా నేర్చుకున్నాడు. సోమవారం గురుసామి ఆళ్లు తోపుకు పోయేసరికి రెంగమ్మాళ్ అప్పటికే నీళ్లు తిప్పుతూ ఉందట. వాళ్లు నమస్కారం పెట్టి వచ్చిన దారినే దిగిపోయారు.

చెడిన భాగం కోసం వెతికే ముందు, ఆ సైకిలు ఇంట్లో ఎలా బతుకుతోందో అడగాలని ఆ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరు మరమ్మతుకు తెచ్చినా, తుడిచేది ఎవరు, దేంతో తుడుస్తారు, శుక్రవారం ఏం చేస్తారు అని అడుగుతాను. నవ్వుకుంటారు, నవ్వనీ. పాడుచేసింది ఎవరని మాత్రం అడగను. ఎక్కువసార్లు ఆ మనిషే దాన్ని అందరికంటే ముద్దుగా చూసుకుంటూ ఉంటారు.

ఆని నెలలో, అంటే జూన్ చివర్లో, ఆఖరి కాయ కోసేశాక, రామసామి ఊతకర్రతో టౌన్ బస్సు దిగి నా అంగడికి వచ్చాడు. నడక బాగానే ఉంది. కాపు కూడా బాగుందని, బేరం రెంగమ్మాళే తేల్చిందని చెప్పాడు. ఇంక నువ్వు మోపెడ్ బయటికి తీయొచ్చు, ఆవిడకు విశ్రాంతి అన్నాను.

"మోపెడ్ అమ్మేసినాను అణ్ణాచ్చీ" అన్నాడు. "తోపు అది చూసుకుంటాది. వండి నేను చూసుకుంటాను. ఒక సెట్టు ప్యాడ్ ఇయ్యండి."

నేను వేసిస్తాను, సైకిలు తీసుకురా అన్నాను. వద్దు, నేనే వేస్తాను అన్నాడు. పొట్లం విప్పబోయి ఆగి, పక్కనున్న కుళాయి దగ్గరికి పోయి, సబ్బుతో రెండు చేతులూ కడుక్కుని, ఆరేదాకా నిలబడి, అప్పుడు ప్యాడ్లను అంచులు పట్టుకుని అందుకున్నాడు.