మా బావికి గోడ, మా నోటికి నెగ్లెక్టు

నెగ్లెక్టు అనే మాట మా ఇంటికి ఎట్లా వచ్చిందో నాకు బాగా గుర్తు. వేములవాడ పోయే బాటమీది ఊరు మాది. ఊరి చివర సాలోళ్ల వాడ. ఇంటింటికీ గుంత మగ్గం, మగ్గం పక్కన రాట్నం. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా రాట్నం ముందు కండెలు చుట్టుకుంటూ పెద్దవాళ్ల మాటలు విన్నదే.

ఆ మాట రాకముందు మాకు వేరే మాటలుండేవి. చెయ్యాల్సిన పని మరిచిపోతే బాపమ్మ, అంటే మా బాపు తల్లి, "సోయి లేదా?" అనేది. పాలు పొంగిపోతే సోయి లేదు, లేగ తాడు తెంచుకుంటే సోయి లేదు. అది ఇంటివాళ్లు ఇంటివాళ్లను అనుకునే మాట. తిట్టే అయినా వీపు మీద చెయ్యి వేసి తిట్టినట్టు ఉండేది. పైవాళ్లు అనే మాట వేరు. నైజాం కాలంలో రెవెన్యూ గిర్దావరు గుర్రం దిగి చావడి ముందు నిలబడి "గఫ్లత్" అన్నాడంటే మీసాలు తిప్పిన వాళ్లు కూడా తల దించుకునేవారట. దానికి ఎదురు జవాబు లేదు. నైజాం పోయింది. కొన్నేళ్లకు ఆంధ్రప్రదేశ్ వచ్చింది, బ్లాకు ఆఫీసు వచ్చింది. గఫ్లత్ పోయి నెగ్లెక్టు వచ్చింది. మాట మారింది కానీ, అది వచ్చి పడే చోటు మారలేదు. మా నెత్తి మీదే పడేది.

ఇప్పటి పిల్లలకు నారికురుపు అంటే తెలియదు. తెలియకపోవడమే మంచిది. ఎండలు ముదిరితే కాలి మీద బొబ్బ లేచేది. అది పగిలి అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. అదే నారి. దాన్ని ఒక్కసారి లాగితే తెగుతుంది. తెగితే కాలు వాచి చీము పడుతుంది. అందుకే సన్నని పుల్లకు రోజుకు కాస్త కాస్త చుట్టేవాళ్లు. మా బాపుకు ఏటా ఎండాకాలం అది రావాల్సిందే. గుంత మగ్గం అంటే గుంతలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కాలి. వాచిన కాలితో ఏం తొక్కుతాడు? సరిగ్గా పెళ్లిళ్ల కాలంలో, చీరలకు గిరాకీ ఉన్నప్పుడు, మా మగ్గం ఆగిపోయేది. మగ్గం ఆగిన ఇంట్లో జొన్న గట్క కూడా పల్చనవుతుంది. మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా మా అవ్వ, అంటే మా అమ్మ, ముఖం ఎట్లా ఉండేదో నేనింకా మరిచిపోలేదు.

మా వాడకు నీళ్లు దిగుడు బావి నుంచి వచ్చేవి. నారి వచ్చిన వాళ్లంతా పొద్దున్నే పోయి ఆ బావి కడపటి మెట్టు మీద కూర్చుని, కాలు నీళ్లలో పెట్టి పురుగును చుట్టేవాళ్లు. చల్లగా ఉంటుందని ఒకటి. రెండోది, మాది నేతవాళ్ల బుద్ధి. తడి ఆరిన నూలు చుడితే పుటుక్కున తెగుతుంది, కాబట్టి తడిపి చుడతాం. నారిని కూడా అట్లాగే చుట్టాలని మా తాతలు అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

ఒక పొద్దున బ్లాకు ఆఫీసు నుంచి హెల్త్ సారు సైకిల్ మీద వచ్చాడు. కృష్ణా నది అవతలి మనిషి, కొత్తగా వచ్చినవాడు. బాపు మెట్టు మీద కాలు తడుపుకుంటూ కనిపించాడు.

"ఏమయ్యా, ముందు కాలు బయటికి తియ్యి!"

"తియ్యరాదు సారూ, ఎండుతే తెగుతది. నూలు తడుపుతలేమా? గిది గూడ గంతే."

"ఇది నూలు కాదయ్యా బాబూ, పురుగు. దీని పిల్లలన్నీ ఆ నీళ్లలో పడుతున్నాయి. ఆ నీళ్లే మీరు తాగుతున్నారు. ఇదంతా మీ నెగ్లెక్ట్."

అవ్వ నీళ్ల బిందె చంకన పెట్టుకొని మెట్ల మధ్యలో ఆగిపోయింది. "నెగ్లెక్టంటే ఏంది సారూ?"

"పట్టించుకోకపోవడం అమ్మా."

వెనక నుంచి బాపమ్మ అందుకుంది. "గంతేనా! మన గఫ్లతే గద. దానికి కోటు తొడిగిండ్రు."

వాడంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆ రోజంతా రాట్నం తిప్పుతూ తనలో తనే మాట్లాడుకుంది. రోజూ కాలు కడిగి, తడిపి, పుల్లకు చుట్టి, ఆకు కట్టు కట్టిన మనిషి ఆమె. అంత పట్టించుకున్నదాన్ని పట్టించుకోలేదంటే ఎట్లా మింగుతుంది? కానీ మర్నాడు పొద్దున బిందె మూతికి మడతలు వేసిన గట్టి బట్ట కట్టి నీళ్లు వడగట్టింది. బాపును బావి వైపు పోనివ్వలేదు. అరుగు మీద కూర్చోబెట్టి కాలి మీద చెంబుతో నీళ్లు పోసింది. అంతటితో ఆగకుండా పోయి మెట్ల దగ్గర తనే కాపలా కూర్చుంది.

మా పక్కింటి పెదబాపు కుంటుకుంటూ వచ్చాడు. "నా మీసాలు మొలిచిన కాడికెల్లి గిదే మెట్టు మీద కూసుంటున్న. జరుగు బిడ్డా."

"కూసో పెదబాపూ, ఎవలద్దన్నరు? మెట్టు మీద గాదు, మా అరుగు మీద కూసో. నీళ్లు నేను పోస్త."

"నువ్వు నీళ్లు పోస్తే, మీ అత్త నా మీద ఎసరు పోస్తది."

"పోస్తె పోయనీ, నారి ఉడికి సస్తది."

ఆయన నవ్వుకుంటూ వెనక్కి తిరిగాడు. అట్లా ఒక్కొక్కరినీ నవ్వించి, బతిమాలి, కొందరిని తిట్టి, వాడ మొత్తాన్ని మెట్ల నుంచి మళ్లించింది.

మెట్లు మూసి చుట్టూ గోడ కట్టి గిలక పెడితే ఎవరూ దిగరని హెల్త్ సారు ముందే పైవాళ్లకు చెప్పి ఉన్నాడు. రాళ్లు కూడా తెచ్చి బావి పక్కన పోశారు. పోసిన రాళ్లు పోసినట్టే ఉన్నాయి. వానాకాలం వచ్చి పోయింది, రాళ్ల సందుల్లో గడ్డి మొలిచింది, మేకలెక్కి ఆడుకున్నాయి. మళ్లీ ఎండలు రాబోతున్నాయనగా అవ్వ వాడలోని ఆడవాళ్లను కొందరిని వెంటబెట్టుకుని బ్లాకు ఆఫీసుకు నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకుని నడిచాను.

పెద్ద సారు మంచివాడే. లోపలికి పిలిచాడు. కానీ బావి మాట ఎత్తగానే, "బావిలో కాళ్లు కడిగేది మీవాళ్లే కదమ్మా? మీ నెగ్లెక్ట్‌కి గవర్నమెంటు ఏం చేస్తుంది?" అన్నాడు.

మా వెంట వచ్చిన ఆడవాళ్ల తలలు దిగిపోయాయి. అవ్వ తల దిగలేదు.

"మాదే సారూ. కాదంటలేను. ఎరుక లేక చేసినం. ఎరుకైన తెల్లారే బంద్ జేసినం. నారి ఉన్నోడు ఒక్కడు గూడ బాయిల కాలు పెడతలేడు, నేనే కావలుంటున్న. మా నెగ్లెక్టు మేం తీసేసినం. రాళ్లు తెచ్చి పడేసి పోయిండ్రు, గడ్డి మొలిచింది. గా గడ్డి ఎవలి నెగ్లెక్టు సారూ? ఎనుకట గఫ్లత్ అన్నరు, మా మీదనే పడ్డది. గిప్పుడు నెగ్లెక్టు అన్నరు, మా మీదనే పడ్డది. ఎన్నడన్న మీ దిక్కు వస్తదా గా మాట?"

గుమ్మం దగ్గరున్న బంట్రోతు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద సారు అవ్వ వైపు చూశాడు. తర్వాత నవ్వేశాడు.

"వచ్చిందమ్మా. ఈ రోజే వచ్చింది" అని, ఓవర్సియరును కేకేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆడవాళ్ల నడక చూడాలి! పోయేటప్పుడు బాట పక్కన ఒదిగి నడిచినవాళ్లు వచ్చేటప్పుడు నడి బాట పట్టారు. "వస్తదా గా మాట!" అని ఒకరు అనడం, మిగతావాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వడం. నేను పుట్టాక మా అవ్వను అంత పొడుగు మనిషిగా ఎప్పుడూ చూడలేదు.

గోడ లేచింది, మెట్లు మూశారు, గిలక పెట్టారు. చేతులు బొబ్బలెక్కేలా చేదుకున్నాం. ఆ ఎండాకాలం నడిమిట్లో బాపు కాలి మీద మళ్లీ బొబ్బ లేచింది. పెదబాపుకూ లేచింది.

వాడంతా అవ్వ మీద పడింది. "నారి గోడ దునికి వచ్చినట్టుంది" అన్నారు. "చేదుడు మాకు, పేరు ఆమెకు" అన్నారు. బాపమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. అవ్వ హెల్త్ సారును పిలిపించింది. పురుగు నీళ్లతో కడుపులోకి పోయాక బయటపడడానికి ఏడాది పడుతుందనీ, ఇప్పుడు వచ్చింది నిరుటి నీళ్లదనీ ఆయన చెప్పాడు. ఎవరు నమ్ముతారు? ఒకరోజు మగవాళ్లు గడ్డపార పట్టుకుని మెట్లవైపు గోడ పగలగొట్టడానికి బయల్దేరారు. అవ్వ పరుగెత్తి అడ్డం నిలబడింది.

"ఇంకొక్క ఎండకాలం ఆగుండ్రి. మల్ల వస్తే నేనే పలగ్గొడ్త."

"ఎన్నేండ్లు ఆగుమంటవ్? జరుగు!"

అప్పుడు వచ్చాడు బాపు, గోడ పట్టుకుని ఒంటి కాలి మీద గెంతుకుంటూ. ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపాడు.

"నారి నా కాలుకున్నది, మగ్గం నాది ఆగింది. నేను నమ్మిన. పలగ్గొట్టుడైతే గీ కాలు తొక్కి పోండ్రి."

ఎవరు తొక్కుతారు? గడ్డపార పట్టుకున్నవాడు దాన్ని భుజం మీద మార్చుకుని, "నీ కాలు నువ్వే కాపాడుకో అన్నా, మాకెందుకు" అని వెళ్లిపోయాడు. అవ్వ వచ్చి బాపు పక్కన నేల మీద కూలబడింది.

మరుసటి ఎండాకాలం వచ్చింది. వాడంతా కాళ్లు చూసుకుంటూ బతికింది. మోదుగుపూలు రాలాయి, వేడిగాలులు వచ్చాయి, పెళ్లి బాజాలు మొదలయ్యాయి. ఎవరి కాలి మీదా బొబ్బ లేవలేదు. పెదబాపు మా అరుగు మీదికి వచ్చి రెండు పాదాలూ అవ్వ ముందర పెట్టి, "చూస్కో బిడ్డా, పెండ్లి పిలగాని కాళ్లు!" అన్నాడు. బాపమ్మ బావి దగ్గర నిలబడి పక్క ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు గోడ చూపించింది. "మా కోడలు కట్టించింది" అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

ఆ రోజు మధ్యాహ్నం బాపు పెళ్లివాళ్ల చీర ఎక్కించుకుని మగ్గంలోకి దిగాడు. దిగే ముందు అవ్వ ఆయన కాళ్లు రెండూ ఒళ్లో పెట్టుకుని అరికాలి నుంచి మోకాలి దాకా వేళ్లతో తడిమి చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"ఇగ తొక్కు" అంది.