మూలలు కోసిన రింగు

పోయిన నెల నా చొక్కాకి బొత్తాం కుట్టిపెడతానని అక్కయ్య తన బొత్తాల డబ్బా చాపమీద బోర్లించింది. బొత్తాల మధ్యలోంచి ఓ నల్లటి రింగు దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. చూడగానే గుర్తుపట్టాను. నలభై ఏళ్ల కిందట ఎక్కడో పారేసి ఉంటారనుకున్న రింగు అది. అక్కయ్య నా మొహంకేసి చూసి, డబ్బా అడుగున మడతపెట్టి ఉన్న కాగితం తీసి, "ఇదీ చదువుకోరా," అంది. ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు మా బావగారి సంగతి చెప్పాలి.

బావగారికి అమలాపురంలో స్టూడియో ఉండేది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క నేను ఆయన దగ్గరే చేరాను. పదేళ్లు చిన్నవాడినైనా నన్ను 'అండీ' అనే పిలిచేవారు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, పోయినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి తీసే ఆఖరి ఫొటోలు, ఇవీ మా బేరాలు. "బతికున్నవాళ్లు కదుల్తారండీ, వీళ్లే నయం," అనేవారు మూడో రకం గురించి. ఆయన కెమెరాకి ఒకదాని కింద ఒకటి రెండు కటకాలు. దాన్ని రెండు కళ్ల కెమెరా అనేవారు. పైకంటిలోంచి మనం చూస్తాం, ఫొటో తీసేది కిందికన్ను. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా పాపం దాక్కున్నది అక్కడే.

ఎనభైల మొదట్లో అంబాజీపేట కురిడీ కొబ్బరి వర్తకుడొకాయన క్యాలెండరు మీద దేవుడి బొమ్మ బదులు కోనసీమ ఫొటో వేయిద్దామనుకున్నాడు. కింది మూలన బావగారి పేరు అచ్చు వేయిస్తానన్నాడు. బావగారు ఆ పూట అన్నం సరిగా తినలేదు. "ఊరందరి మొహాలూ అచ్చేసేనండీ, నా పేరు మాత్రం ఎక్కడా అచ్చవలేదు," అన్నారు. ఓడలరేవు దగ్గర గోదావరి సముద్రంలో కలిసేచోట, కార్తీకం మబ్బులతో తీయాలని నిర్ణయించారు. నలుపు తెలుపు ఫొటోలో మబ్బు తేలాలంటే పసుపు ఫిల్టర్ కావాలి. లేకపోతే ఆకాశం ఉతికిన పంచెలా తెల్లగా వస్తుంది. ఫిల్టర్‌కేమో మరలు, ఆయన కటకానికేమో తిప్పి బిగించే గాడి. రెంటినీ కలపడానికి మధ్యన ఓ రింగు ఉండాలి. అది మద్రాసులోనే దొరుకుతుంది. "ఫిల్టర్ వైపు నలభైతొమ్మిది మిల్లీమీటర్లు ఉండాలండీ. తగ్గితే ఫొటో మూలలు కోసేస్తుంది," అని చీటీ రాసిచ్చి నన్ను ట్రంక్‌కాల్‌కి పంపారు.

మా గోదావరి వాళ్లకి 'ఆయ్' అనేది ఊపిరి లాంటిది. సరే అన్నా ఆయ్, వింటున్నామన్నా ఆయ్, ఏమీ అర్థం కాకపోయినా ఆయ్. లైన్లో గరగర. మద్రాసు షాపాయన ఏదో చెబుతున్నాడు, నేను ఆయ్ ఆయ్ అంటున్నాను. ఫోను పెట్టేసి చీటీ మడుస్తుంటే ఆఖరి మాట అప్పుడు తలకెక్కింది: "నలభైతొమ్మిది లేదండి, చిన్నది ఉంది, ఫిల్టర్‌తో కలిపి పంపించమంటారా?" మళ్లీ కలపమని అడగడానికి సిగ్గేసింది. పిసరు తేడాకి ఏమవుతుందిలే అనుకున్నాను.

పార్సిల్ వచ్చిన మర్నాడే మబ్బు పట్టింది. నేనే ముందు లేచి కిందికంటికి రింగూ ఫిల్టరూ బిగించేశాను, రింగు మీది సైజు అంకె లోపలికి పోయి కనబడలేదు. బస్సెక్కుతూ బావగారు అడిగారు: "నలభైతొమ్మిదేనాండీ?"

"ఆయ్," అన్నాను.

ఫోనులో అన్న ఆయ్ అలవాటు. ఇది అబద్ధం.

ఓడలరేవులో ఆయన పైకంటిలోకి తల వంచి, గొడుగు నా చేత పట్టించి, ఉన్న రీళ్లన్నీ తీశారు. "చూడండి, చూడండి, మబ్బు ఎలా ఉందో!" అని చిన్నపిల్లాడిలా నన్ను పిలిచి చూపించారు. నిజంగానే బ్రహ్మాండంగా ఉంది, పైకంటిలో. కడిగి చూస్తే ప్రతి ఫొటోకీ నాలుగు మూలలూ నల్లగా తెగిపోయాయి. కత్తిరిస్తే అంచున వచ్చిన పడవ పోతుంది. ఇంకో రింగు తెప్పించేలోపు మబ్బులు పోయాయి, ప్రెస్సు గడువూ పోయింది. క్యాలెండరు మీద మళ్లీ లక్ష్మీదేవే కూర్చుంది. మద్రాసు షాపుకి ఉత్తరం రాస్తానన్నారు బావగారు. "రాయండి, వాళ్లంతా దొంగలు," అన్నాను నేను, సిగ్గులేకుండా.

తర్వాత రెండు నెలలకి "మీకు బడి ఉద్యోగమే నయమండీ" అని ఎవరినో పట్టుకుని రాజోలులో మేష్టరుగా వేయించారు. స్టూడియోలోంచి గెంటేశారని ఎన్నేళ్లు కుళ్లుకున్నానో! కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆయన మళ్లీ కెమెరా పట్టుకుని సముద్రం వైపు వెళ్లలేదు.

అక్కయ్య ఇచ్చిన కాగితం ఆ షాపు జవాబు. "చిన్న సైజు అని చెప్పి, మీ మనిషి మూడుసార్లు ఆయ్ అన్న తరవాతే పంపాము."

"నీకు చెప్పొద్దన్నారురా," అంది అక్కయ్య. "వాడే చెప్తాడు, వాడు చెప్పేదాకా అడక్కు అన్నారు. పోయేముందు కూడా ఓసారి అడిగేరు, ఏవన్నా చెప్పేడా అని."

నేను రిటైరయ్యాక ప్రతి ఆదివారం ఆయన దగ్గరికే వెళ్లేవాణ్ణి. బడి సంగతులు, బస్సుల సంగతులు, ఊళ్లో వాళ్ల సంగతులు చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని ఆయ్, ఆయ్ అంటూ వినేవారు. నేను చెప్పబోయే మాట కోసం ఆయన, ఆయన అడగరన్న ధైర్యంతో నేను, పక్కపక్క కుర్చీల్లోనే ఆ ఆదివారాలన్నీ గడిపేశాం.