గోడ మీది నూనె మరక

మా మేడ మీద కిరాయికి ఉండే డ్రాయింగు సారు మొన్న శుక్రవారం పోయారు. ఆస్పత్రి నుంచి ఆయన శిష్యుడొచ్చి చెప్పాడు. నేను నమ్మలేదు. ఏదీ ఒక్కసారి చెబితే నమ్మే మనిషిని కాను. పైకెక్కి, ఆయన గదికి వేలాడుతున్న తాళం చూశాకే మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

వచ్చిన కొత్తలో ఆయన ట్యూబు రంగులతో మూసీ, పురానాపూల్ బొమ్మలు వేసేవారు. తర్వాత ఏం పురుగు తొలిచిందో, రంగులు కొనడం మానేశారు. రంజాన్‌కో దసరాకో మొఘల్‌పురాలో ఎవరింటికి సున్నం కొట్టినా సంచి పట్టుకుని వెళ్లి, గోడల నుంచి గీకిన పెచ్చులు ఏరుకొచ్చేవారు. వాటిని కల్వంలో నూరి, తుమ్మబంక కలిపి గోనెగుడ్డ మీద పూయడమే ఆయన బొమ్మ. పాత గోడలు తట్టి చూసే మనిషిని మా గల్లీలో ఎవరు నమ్ముతారు? లంకెబిందెల కోసమే అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

"ఏంది సారూ, గోడలల్ల ఏం దేవులాడుతున్నరు?" అని ఒకనాడు అడిగేశాను.

"రంగే అమ్మా. దుకాన్ల రంగు నిన్న పుట్టింది. మీ గోడ రంగు మీ మామ కాలం నుంచి బతుకుతుంది."

మాటలో ఏదో మతలబు ఉందనిపించింది. బొంబాయి వాళ్లు కార్లలో వచ్చి ఆ గోనెగుడ్డలు కొనుక్కుపోతుంటే అనుమానం ఇంకా పెరిగింది.

మా ఆయన బస్సు డిపోలో పని దిగి రాగానే వసారాలో గోడకు ఆనుకుని కూచునేవాడు. ఆ చోట తల నూనె మరక పడింది. మా ఆయన చనిపోయిన ఏడు, దసరాకు సున్నం కొట్టించాలని మా మరిది పట్టుబట్టాడు. వద్దనలేకపోయాను. కూలీలు రావాల్సిన పొద్దున చూస్తే, మరక ఉన్నచోట పెచ్చు లేచిపోయి రాయి కనబడుతోంది.

"నా గోడ తవ్వింది మీరేనా?"

"నేనే అమ్మా. సున్నం పడితే మళ్ల రాదు గద."

"ఏం దొరికింది? నిజం చెప్పుండ్రి."

"దొరికింది దాసిన. ఇప్పుడే చూడొద్దు మీరు."

చూడొద్దన్నారంటే బంగారమే అనుకున్నాను. మా ఆయన గుర్తు చెరిపి ఈయన బాగుపడ్డాడని కడుపు మండింది. ఆ మంట ఎన్నేళ్లయినా చల్లారలేదు.

నిన్న శిష్యుడు గది తెరిచి, గోడవైపు తిప్పిపెట్టిన చిన్న పటం ఒకటి తెచ్చాడు. "సారు గిది మీకియ్యమన్నరు" అన్నాడు. లేత పసుపు సున్నం మధ్యలో మా ఆయన తల మరక, అంచు కూడా చెదరలేదు. అప్పటికీ నమ్మకం కుదరక ముక్కు ఆనించి వాసన చూశాను. సున్నం వాసనే వచ్చింది. నా తల మాత్రం అక్కణ్నుంచి లేవలేదు.

మా ఆయన పోయినప్పటి నుంచి వసారాలో ఆ చోట నేనే ఆనుకుని కూచుంటున్నాను. కిందటి దసరాకు వేసిన సున్నం మీద అప్పుడే నా తల మరక పడింది. వచ్చే దసరాకు దాన్ని ఎవరు తీసి దాస్తారు సారూ?