రెండు చుక్కల నెయ్యి

ప్లెయిన్స్‌బరోలో మా కోడలు వెన్న కాస్తుంటే కమ్మటి వాసన అపార్ట్‌మెంటంతా పాకుతుంది. ఇంట్లో వాళ్లు గట్టిగా పీలుస్తారు; నేను మాత్రం అరవైకి చేరువైనా ముందు గొంతు తడుముకుంటాను.

1978లో నాకు పన్నెండేళ్లు. ఉగాదికి అమెరికాలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లంతా కలిసి ఒక స్కూలు కెఫెటీరియా అద్దెకు తీసుకునేవాళ్లు. బయట ఇంకా కరగని మంచు, లోపల పట్టుచీరల మీద కోట్లు, రేకు ట్రేల్లో పులిహోర, నేతిలో తడిసిన బొబ్బట్లు, వేపపువ్వు దొరక్క మెంతిపొడితో చేదు తెప్పించిన పచ్చడి, బల్లల కింద దాగుడుమూతలు. నేను ఇంటి నుంచి తెచ్చిన డబ్బాతో ఒక మూల. పాలు గానీ పెరుగు గానీ చుక్క తగిలితే పెదాలు వాచి ఊపిరాడేది కాదు. అది అందరికీ తెలుసు. కానీ నెయ్యిని పాలలో ఎవరూ జమకట్టేవారు కాదు; వద్దంటే మొండిఘటం అనేవారు. వడ్డన పెత్తనమంతా చూసే సరళ ఆంటీ ఆ ఏడు నా పప్పన్నంలో అడక్కుండా గరిటెడు పోశారు.

"కాచిన నేతిలో పాలెక్కడుంటాయే పిచ్చిదానా! వట్టి పప్పన్నం గొంతు దిగుతుందా?"

పెద్దావిడ మాట కాదనలేక రెండు ముద్దలు తిన్నాను. గంట తిరక్కుండా ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఉన్నాను.

అప్పట్లో డాక్టర్లందరిదీ ఒకటే మాట, పాలు మానెయ్యమని. ఒక్క డాక్టరమ్మ మాత్రం ఇంకో దారి ఉందని, దానికి హామీ లేదని, రెండూ చెప్పింది. నీళ్లు కలిపిన పాలు చుక్కతో మొదలు. కొలత పెంచిన ప్రతిసారీ క్లినిక్‌లోనే తాగి అక్కడే కూర్చోవాలి. ఏమీ కాకపోతే ఇంట్లో రోజూ అదే కొలత. నాన్న ముందు ఒప్పుకోలేదు.

"పాలు ముట్టకపోతే ఏం పోయింది తల్లీ? ప్రాణంతో ఆటలా?"

"అందరూ నన్ను చూసి పాపం అంటున్నారు నాన్నా. నేను చేస్తా."

రెండేళ్లపాటు, నేను స్కూలు నుంచి వచ్చి ఏదో తిన్నాక, అమ్మ సిరంజితో పాలు కొలిచి నోట్లో పోసి, అత్యవసరపు ఇంజక్షన్ పక్కన పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. పాలు పడ్డాక ఒళ్లు అలవకూడదని ఆ పూట తాడాట లేదు, సైకిల్ లేదు. జ్వరమొస్తే డాక్టరమ్మకు ఫోన్ చేశాకే ఆ రోజు పాలు. ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఆవిడ కొన్నాళ్లు ఆపించి, కొలత తగ్గించింది. నాన్న "ఇక చాలు" అన్నారు. మళ్లీ మొదలుపెట్టమని ఆవిడ చెప్పిన రోజు సిరంజి నేనే తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.

గ్లాసుడు పాల దాకా నేను చేరలేదు. రెండు చెంచాల పెరుగు దగ్గర ఆగాను. అదే నీ హద్దు, రోజూ తింటేనే అదైనా నిలుస్తుంది అంది డాక్టరమ్మ. చాలనుకున్నాను.

1981 ఉగాదికి డబ్బా లేకుండా వరుసలో నిలబడ్డాను. సరళ ఆంటీ గరిటె గాల్లో ఆగింది.

"వెయ్యనా తల్లీ?"

ఆవిడ నన్ను అడగడం అదే మొదలు.

"రెండు చుక్కలు ఆంటీ. మూడోది వద్దు."

"అబ్బో, మీ డాక్టరమ్మని మించిపోయావే!" అంటూనే గరిటె పక్కన పెట్టి చెంచా అందుకున్నారు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టారు.

ఆ కెఫెటీరియా పడగొట్టేశారు. సరళ ఆంటీ లేరు. ఇప్పుడు పండగ భోజనం కేటరింగ్ వాళ్లది. ప్రతి ట్రే ముందు అందులో ఏమున్నాయో రాసిన చీటీ, ఎవరికి వారే వడ్డన. కొసరి పెట్టే చేతులు లేవని నా ఈడువాళ్లు బెంగపడతారు. నేను పడను. చీటీ చదివి, తనకు పడదని ట్రే దాటిపోయే పిల్లను ఇప్పుడెవరూ మొండిఘటం అనరు. ఆ మాట కూడా పోయినవాటిలో కలిసిపోయింది. పోనివ్వండి.