నీలంగా మిగిలిన ఊరు

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను అనంతపురంలో, భూగర్భజలాల లెక్కలు చూసే ఒక చిన్న సంస్థలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఊరికొక మనిషి బోరులోకి టేపు వదిలి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి నెలనెలా మాకు పంపేవాడు. ఆ కొలతలను ఊరి పేరు, పక్కన వరుస నంబరు పెట్టి ఫైళ్లుగా దాచేవాళ్లం. వాటిని తెరవడానికి నేనొక ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఒక చిన్న భాగం, రాశాను. కొత్త నంబరు ఫైలు ఉంటే దాన్ని తెరుస్తుంది. లేకపోతే చప్పుడు చేయకుండా అంతకు ముందు వచ్చిన పాతదాన్ని తెరుస్తుంది. నీళ్లున్న ఊరిని నీలంగా, ఎండిన ఊరిని ఎర్రగా చూపే మా మ్యాపులో ఖాళీలు కనిపించకూడదని మా సారు అలా రాయమన్నారు.

ఆ వేసవికి నీళ్లు అడుగంటి మ్యాపు ఎర్రబారింది. బత్తలపల్లి అవతల ఒక ఊరు మాత్రం నీలంగానే ఉంది. చూస్తే ఏడాదిగా ఆ ఊరి నుంచి కొత్త ఫైలే రాలేదు. సంగతేమిటో కనుక్కుందామని బస్సెక్కి పోయాను.

మిట్టమధ్యాహ్నం. ఇళ్లన్నిటికీ తాళాలు. ఒక అరుగు కింద, ఇప్పుడే విడిచి లోపలికి పోయినట్టు ఒక జత చెప్పులున్నాయి. వాటి నిండా దుమ్ము. కుక్క కూడా మొరగలేదు. ఊరి చివర, పాత బోరు దగ్గర, గొర్రెలు కాసే ఒకామె కూర్చుని ఉంది.

“అమ్మా, నీళ్లు కొలిచే ఆయన యాడుండాడు?”

“బెంగుళూరుకు పోయినాడు. అందరూ పోయినారు. ఈడేముండాదప్పా?”

“బోర్లో నీళ్లుండాయా?”

“నువ్వే చూసుకో.”

గొట్టం మీదున్న బండను ఆమె పక్కకు జరిపింది. టేపు వదిలాను. చివరిదాకా దిగింది కానీ, నీటిని తాకిన చప్పుడు రాలేదు. వంగి చూస్తుంటే లోపలినుంచి చల్లటి గాలి ముఖానికి తగిలింది. మెల్లగా, ఆగకుండా, ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

“మధ్యాన్నం ఇట్ల వదుల్తాది. పొద్దున్నే లోపలికి పీలుస్తాది. ఒకనాడు నా కొంగు లాగింది. అందుకే బండ పెట్టినా,” అంది, గొర్రెల సంగతి చెప్పినంత మామూలుగా.

తిరిగొచ్చి సారుకు చెప్పాను. బయట గాలి ఒత్తిడి మారినప్పుడు ఎండిన బోర్లు అలాగే చేస్తాయని ఆయన వివరించారు. అర్థమైంది. అయినా ఆ చల్లదనం చాలా రోజులు నా ముఖాన్ని వదల్లేదు.

ఆయన ఒప్పుకున్నాక ఫంక్షన్ మార్చాను. పాత ఫైలు తెరవాల్సి వస్తే ఆ ఊరు ఇకమీదట తెల్లగా కనబడుతుంది. ఒక్క తెల్ల మచ్చే వస్తుందనుకుని ప్రోగ్రాము నడిపాను. మ్యాపు పైనుంచి కిందికి నిండుతుంటే, ఎర్రగా ఉన్న ఊళ్లు కూడా ఒక్కొక్కటే తెల్లబడ్డాయి. సారు నా వెనక నిలబడి చూస్తున్నారు.

“వీటిల్లో మనుషులుండారంటావా?” అన్నారు.

నాకు తెలియదన్నాను. మర్నాడు ఇద్దరం టేపు తీసుకుని బయల్దేరాం.