మంజులత బండి కొండ దిగిన రోజు

అరవడం నా ఉద్యోగం. సినిమావాళ్లు దాన్ని ప్రొడక్షన్ మేనేజర్ అంటారు. టిఫిన్ ఆలస్యమైనా, వాన పడినా, హీరోయిన్‌కి జలుబు చేసినా ముందు వరప్రసాద్ అరవాలి, ఆ తర్వాతే పని కదులుతుంది. పాతికేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో ఇదే నా బతుకు. అలాంటి నా నోరు ఒక మధ్యాహ్నమంతా మూయించిన మనిషి మంజులత.

ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగే దారిలో, క్షౌరశాల పక్కన ఆమె మెకానిక్ షెడ్డు. వయసు నలభై ఐదు. మోతీనగర్‌లో తండ్రి పంక్చర్ దుకాణంలో ట్యూబులు నీళ్లలో ముంచి బుడగలు వెతకడంతో మొదలైన చెయ్యి, ఇప్పుడు ఏ ఇంజినైనా విప్పుతుంది. భర్త తిరుమలేశ్ వెంగళరావు నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతాడు. "గరిటె ఆయనది, పానా నాది" అని నవ్వుతుంది.

ఆమెకో పాత పికప్ ఉంది. యాక్సిడెంట్‌లో నుజ్జయిన బండిని తుక్కు కింద తెచ్చుకుని, రెండేళ్ల ఆదివారాలన్నీ దాని కింద పడుకుని బతికించింది. మా డైరెక్టర్ శ్రీకృష్ణ ఒకరోజు దాన్ని చూసి, నా కథలో అమ్మాయి నడిపే బండి ఇదేనని పట్టుబట్టాడు. ఎర్ర రంగు వేయించి, పన్నెండు రోజులు దానితోనే షూటింగ్ చేశాం. ఇక మిగిలింది ఒకే షాటు. బండి కొండ మీంచి జోరుగా దిగి, రోడ్డు మీద పడి ఉన్న సైకిల్‌కి మూరెడు దూరంలో ఆగాలి.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే మా ఆర్ట్ అసిస్టెంట్ రఘునందన్‌కి బుద్ధి పుట్టింది. చక్రం క్లోజప్‌లో బ్రేక్ కాలిపర్ తుప్పు కనిపిస్తోందట. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా ఒడిసిపట్టి బండిని ఆపే ఇనుప పంజా. దాన్ని విప్పి, ఎర్ర రంగు పులిమాడు. మావాళ్లకు బ్రష్షు చేతికిస్తే కెమెరాకు కనిపించని చోటు కూడా వదలరు. బోల్టు దూరే రంధ్రంలోనూ రంగు నింపాడు. ఆరాక బోల్టు ఎక్కనంటే, పానాకి పైపు తొడిగి బలంగా తిప్పాడు. బోల్టు వంకరగా దూరి, లోపలి మరలన్నీ పొడిపొడిగా రాలిపోయాయి.

మంజులత వచ్చి చక్రం పట్టి ఊపింది. వంగి టార్చి వేసి చూసింది.

"చూడీలు మొత్తం పోయినయ్ సార్. బోల్టు గాల్లో తిరుగుతున్నది" అంది. ఆమె షెడ్డులో మరలను చూడీలంటారు.

కొత్త కాలిపర్ కోసం రాణీగంజ్‌కి ఫోన్ చేస్తే, పాత మోడల్, మూడు రోజులన్నారు. రోడ్డుకి మా అనుమతి ఆ సాయంత్రం ఐదింటి దాకే. టోలిచౌకిలో అదే మోడల్ బండి ఇంకోటి ఉంటే, రంగు వెయ్యమని వెంటనే పురమాయించాను.

మంజులత మొహం వాడిపోయింది. "పన్నెండు దినాలు నా బండి ఉరికింది. ఆఖరుకు ఇంకొకరి బండి దిగుతదా సార్ కొండ?"

"నాలుగింటికి బ్రేకులతో సహా నీ బండి ఇక్కడుంటే నీదే. లేకపోతే టోలిచౌకి బండి" అన్నాను. అంతటితో ఊరుకోక సలహా కూడా ఇచ్చాను. "రెండు బోల్టుల్లో ఇంకోటి బాగానే ఉంది కదమ్మా. ఒక్క షాటేగా. లేదంటే కాస్త లావు బోల్టు సుత్తితో కొట్టి దూర్చెయ్."

ఆమె లేచి నిలబడింది. "కింద కెమెరా కాడ ఎంతమంది ఉంటరు సార్?"

"నలభై మంది."

"అండ్ల మీరుంటరా?"

"ఉంటాను."

"మరి?"

నేను పక్కకు తప్పుకున్నాను.

ఆమె కాలిపర్ విప్పి, నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లి, దాన్ని బల్ల మీద పెట్టింది. ఎక్కడైనా పగులుందేమోనని గోటితో అంగుళం అంగుళం తడిమింది. "బ్రేకాయిల్ పోయే రంధ్రం అయితే నేను ముట్టనే ముట్టను. ఇది పట్టుకునే బోల్టుది. చేయొచ్చు" అంది. డ్రిల్ కింద బిగించి, మూలమట్టం ఆనించి, సూటిగా ఉందో లేదో మూడుసార్లు చూసి, రంధ్రాన్ని కొద్దిగా పెద్దది చేసింది. తర్వాత నూనె పోస్తూ కొత్త మరలు కోసింది. అరచుట్టు ముందుకి, కాస్త వెనక్కి. మళ్లీ అరచుట్టు ముందుకి. నేను వాచీ చూసుకుంటూ పళ్లు కొరుకుతున్నాను. ఆఖరున లోపలా బయటా మరలున్న చిన్న స్టీలు గొట్టానికి జిగురు పూసి, అందులోకి తిప్పింది. ఇక పాత బోల్టు ఆ గొట్టంలో కూర్చుంటుంది.

హమ్మయ్య అనుకున్నాను. ఆమె చేతులు కడుక్కుని అన్నం డబ్బా తెరిచింది.

"ఏంటమ్మా ఇది! రెండు దాటింది!"

"జిగురు పట్టాలె సార్. గంట."

"అరగంట చాలదా?"

"డబ్బా మీద గంట రాసిండ్రు. నాక్కూడా ఫికరే ఉన్నది" అని ముద్ద కలిపింది. కలిపిన ముద్ద నోటి దాకా పోలేదు. డబ్బాకు మూత పెట్టేసి, కాలిపర్ వైపే చూస్తూ కూర్చుంది. తన బండి పోతుందన్న భయం ఆమెకు నాకంటే వందరెట్లు ఎక్కువని అప్పుడు తెలిసి, సిగ్గుతో కూర్చున్నాను.

గంట నిండాక కాలిపర్ ఎక్కించింది. ఎంత బిగువు కావాలో అంత దగ్గర టక్కుమనే పానాతో బోల్టు బిగించింది. బ్రేకు గొట్టంలో గాలి తీయడానికి నన్ను సీట్లో కూర్చోబెట్టింది. "తొక్కుండ్రి. పట్టుకోండ్రి. ఇడువుండ్రి." యూనిట్ మొత్తం చూస్తుండగా నేను తొక్కాను, పట్టుకున్నాను, విడిచాను. అయ్యాక దిగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "తొందర పెట్టినోళ్లు టెస్టుకి పక్కన కూసోవాలె సార్. గది మా షెడ్డు పద్ధతి." జూబ్లీహిల్స్ వాలులో ఆరుసార్లు దిగాం, ఆరుసార్లూ ఆగాం. నేను మొక్కని దేవుడు లేడు.

నాలుగుకి పది నిమిషాలుండగా కొండ మీదికి చేరాం. అక్కడ హీరోయిన్ డూపు, మా ఫైటర్ నవీన్, విగ్గు పెట్టుకుని చుడీదార్‌లో సిద్ధంగా ఉన్నాడు. సంగతి విని రెండడుగులు వెనక్కి వేశాడు. "పొద్దున బోల్టు ఊడిన బండి నేనెక్కను సార్. నాకు పిల్లలున్నరు."

"నేనెక్కుత" అంది మంజులత. "నాకు విగ్గు సుత అక్కర్లేదు."

శ్రీకృష్ణ నా వైపు చూశాడు. "ఆ బ్రేకు మీద ఆరుసార్లు ప్రాణం పెట్టుకుని వచ్చానండీ. పంపండి" అన్నాను.

క్లాప్ కొట్టారు. ఎర్ర పికప్ మలుపు తిరిగి దూసుకొచ్చింది. రెండో మలుపులో వెనక భాగం ఊగింది, చక్రాలు కీచుమన్నాయి, పొగ లేచింది. బండి ముక్కు ముందుకి వంగి, సైకిల్‌కి మూరెడు దూరంలో నిలిచిపోయింది.  అంతలో బండి కిటికీలోంచి ఆమె కేక వినిపించింది.

"ఆగింది! ఆగింది నా బండి!"

అందులో నవ్వుంది, ఏడుపుంది, రెండేళ్ల ఆదివారాలున్నాయి. కెమెరామన్ తన పని మర్చిపోయి చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం నిజంగా ఏడ్చాను.

రెండు నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఆ సీను వచ్చింది. హీరోయిన్‌కి గొంతిచ్చే మనోజ్ఞ మంచి పేరున్న కళాకారిణి. ఆ కేక తొమ్మిదిసార్లు చెప్పి, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. "ఇది నటిస్తే రాదండీ. సెట్లో రికార్డయిన ఆవిడ గొంతే ఉంచేయండి."

ఉంచేశాం. మంజులతను పిలిపించి, చీకట్లో కూర్చోబెట్టి వినిపించాం. నిలువెత్తు తెర మీద ఆమె బండి దిగింది, ఆమె గొంతుతో ఆగింది.  ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది.

"జర ఇంకోసారి ఎయ్యుండ్రి సార్."

వేశాం. అడిగినన్నిసార్లు వేశాం.